దారి చూపేవాడేనా మనవాడు?

ఒక ఏడాది ఐదో తరగతి పిల్లలను సొంతంగా కథ రాయమన్నాం. ఒక పిల్లవాడి కథలో హీరో పట్నం నుంచి వచ్చి జీపు దిగాడు. నిధి కోసం అడవిలోకి బయలుదేరాడు. అతనికి దారి చూపిన ముసలాయనకు మావాడు తన తాత పేరే పెట్టాడు. మూడో పేజీలో ఆ తాతను పులి చంపేసింది. హీరో వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు వెళ్ళిపోయాడు. మార్కులు వేసేశాం గానీ ఆ తాత చావు మమ్మల్ని వదల్లేదు.

పాత్రల రకాల మీద పండితులు చేసిన పనిని అప్పటి నుంచి వేరే కంటితో చదువుతున్నాం. రష్యా పండితుడు వ్లదీమిర్ ప్రొప్ 1928లో అచ్చయిన తన పుస్తకంలో అక్కడి అద్భుత కథలు నూరింటిని విడదీసి చూశాడు. పాత్ర ఎవరన్నది కాదు, కథలో ఏం చేస్తుందన్నదే ఆయన లెక్క. పనులు 31, పాత్రలు ఏడు: ప్రతినాయకుడు, దాత, సహాయకుడు, రాకుమారి (ఆమె తండ్రితో కలిపి), నాయకుణ్ణి పంపేవాడు, నాయకుడు, దొంగ నాయకుడు. మన మీద వచ్చిన కథలను, సినిమాలను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. ఎక్కువసార్లు మనం సహాయకులం, కాకుంటే ఆకు పసరు ఇచ్చే దాతలం. పని కాగానే చచ్చిపోతాం.

ఒక్క వాక్యంలో చెప్పేయగల పాత్రను ఇంగ్లిషు నవలాకారుడు ఫోర్‌స్టర్ 1927లో చదును పాత్ర అన్నాడు. నమ్మేలా ఆశ్చర్యపరచగలిగేది గుండ్రని పాత్ర. చదును పాత్రలను ఆయన తీసిపారేయలేదు, మేమూ పారేయం. ఎప్పుడూ చదునయ్యేది మనమే ఎందుకన్నదే మా తగువు.

గోపీనాథ్ మహంతి 1945లో రాసిన ఒడియా నవల 'పరజా' మన సరిహద్దు అవతలి కోరాపుట్ కొండల కథ. సుక్రు జాని కూతురు జిలి మీద ఫారెస్టు గార్డు కన్నేస్తాడు. కాదన్నందుకు చెట్లు నరికాడని సుక్రును కేసులో ఇరికిస్తాడు. జరిమానా కట్టడానికి అప్పు, ఆ అప్పుకు షావుకారు దగ్గర వెట్టి, చివరికి గొడ్డలి. ఇలా చెబితే సుక్రు కూడా చదునే అనిపిస్తాడు. కాదు. కొడుకులు, మనవలు, వాళ్ళ ఇళ్ళతో తన వంశం పెరగాలని కలలు కంటాడు, లెక్కలు వేస్తాడు, లెక్క తప్పుతాడు. 'అమాయక గిరిజనుడు' అన్న మాటలో ఈ మనిషి పట్టడు. రచయిత ఆదివాసి కాదు, ప్రభుత్వ అధికారి. కాబట్టి ఎవరు రాశారన్నది ఒక్కటే దీన్ని తేల్చదు. జిలి విషయంలో మాత్రం మాకు తృప్తి లేదు. చివరికొచ్చేసరికి ఆమె బాధ మగవాళ్ళ కోపానికి కారణంగా మిగిలిందనిపిస్తుంది.

మా పిల్లవాణ్ణి తాతను బతికించి మళ్ళీ రాయమన్నాం. "తాత చావకపోతే కథ ఎట్లా నడుస్తాది సార్?" అన్నాడు. రెండు రోజులకు కాగితం తెచ్చాడు. తాత జీపుకు అడ్డంగా నిలబడి, ఎవరు పంపితే వచ్చావని హీరోను అడుగుతున్నాడు. అక్కడి వరకే రాశాడు.