వెలుపల నిలిచిన పెద్ద కుమారుడు



లూకా సువార్త పదునైదవ అధ్యాయములోని మూడవ ఉపమానమును మనము ‘తప్పిపోయిన కుమారుడు’ అను పేరుతో ఎరుగుదుము. సండేస్కూలు పిల్లవాడు మొదలుకొని సంఘపెద్ద వరకు అందరి నోటను అదే పేరు. ఆ పేరు ప్రభువు పెట్టినది కాదు, లూకా వ్రాసినదియు కాదు. తరువాతివారు శీర్షికగా చేర్చినది. ప్రభువు కథ నారంభించినప్పుడు మొదటి మాటలోనే తండ్రిని, అతని ఇద్దరు బిడ్డలను మన యెదుట నిలువబెట్టెను. కథ ఇద్దరిది, పేరు ఒక్కనిది. ఈ పేరువలన మన ప్రసంగములకును మన ఇండ్లకును కలిగిన నష్టమునుగూర్చి ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాను. నేను దాదాపు ముప్పది సంవత్సరములుగా ఈ భాగముపై ప్రసంగించుచున్న కాపరిని, ఇద్దరు కుమారుల తండ్రిని. కాబట్టి ఈ విమర్శ మొదట నా మీదనే.

నా చదువు గదిలో రెంబ్రాంటు అను డచ్చి చిత్రకారుడు ఈ కథపై వేసిన చిత్రము యొక్క అచ్చు ప్రతి యొకటి గోడకున్నది. అసలు పటము రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున హెర్మిటేజి ప్రదర్శనశాలలో నున్నది. రెంబ్రాంటు 1669లో మరణించెను. ఇది అతని చివరి సంవత్సరముల పని. భార్య సాస్కియా అతనికి నలుగురు బిడ్డలను కనగా వారిలో టైటస్ ఒక్కడే పెరిగి పెద్దవాడాయెను. ఆ టైటస్ కూడ 1668లో, తండ్రికంటె ముందుగనే గతించెను. బిడ్డలను పాతిపెట్టిన చేతులు వేసిన పటమిది. చిన్నవాడు చినిగిన చెప్పులతో మోకరించి యుండగా ముసలి తండ్రి రెండు చేతులును వాని వీపుమీద నుంచెను. సెమినరీ దినములలో మొదటిసారి చూచినప్పుడు నా కన్ను ఆ చేతులను దాటి పోలేదు. కుడివైపున కఱ్ఱ పట్టుకొని నిలువుగా నిలిచియున్న మనిషిని నేను చాల సంవత్సరములు లెక్కలోనికి తీసికొనలేదు. అతడు పెద్ద కుమారుడని అనేకులు చెప్పుదురు. వాక్యమునుబట్టి చూచిన యెడల ఆ సమయమున అతడచ్చట ఉండరాదు, పొలములో నున్నాడు. చిత్రకారుడు వాక్యమును తప్పెను గాని ఆ తప్పులో ఒక న్యాయమున్నది. మనము కథలోనుండి తీసివేసినవానిని అతడు పటములోనికి తెచ్చి నిలిపెను.

ఇప్పుడు వాక్యమును నెమ్మదిగా చూతము. చిన్నవాడు తన భాగమడిగెను, తండ్రి పంచిపెట్టెను. ఇచ్చట మన తెలుగు అనువాదములో రెండు చోట్లను ‘ఆస్తి’ అనియే యున్నది. గ్రీకు మూలములో మాటలు రెండు. కుమారుడు అడిగినది ‘ఊసియ’, అనగా ఆస్తి. తండ్రి పంచినది ‘బియొస్’, అనగా జీవితము, జీవనాధారము. కొడుకు సొమ్ము అడిగెను. తండ్రి తన బ్రదుకును కోసి ఇచ్చెను. అదియు చిన్నవానికి మాత్రమే గాక ఇద్దరికిని పంచెనని లూకా వ్రాసెను. ద్వితీయోపదేశకాండమునుబట్టి జ్యేష్ఠునికి రెండు పాళ్లు రావలెను. కాబట్టి పెద్దవానికి ఏమియు ముట్టలేదని చెప్పుటకు వీలులేదు.

అయినను అతని నోట వచ్చిన మాట వినుడు. ఇన్నియేండ్లుగా తాను చేసినదానికి అతడు వాడిన క్రియ మన అనువాదములో ‘సేవించు’ అను మెత్తని మాటయైనది. మూలములో అది దాసుని చాకిరిని తెలుపు మాట. ఇంటి కొడుకు తన్ను పాలేరుగా లెక్కించుకొనుచున్నాడు. చిన్నవాడు పందుల దొడ్డినుండి లేచివచ్చునప్పుడు కూడ ‘తండ్రీ’ అని పిలిచెను. పెద్దవాడు తన మాట యంతటిలో ఒక్కసారియైన ఆ పిలుపు పిలువలేదు. తమ్ముని తమ్ముడనక, నీ కుమారుడని తండ్రి మీదికి నెట్టెను. తండ్రి మాత్రము వానిని మరల ఇతనికి తమ్మునిగా అప్పగించెను. మన అనువాదములో ‘కుమారుడా’ అని యున్నచోట గ్రీకులో ‘టెక్నొన్’ అని యున్నది. కన్నబిడ్డను పిలుచు పిలుపది. మన ఇండ్లలో ‘నాయనా’ అన్నట్లు.

పెద్దవాడు నిర్దోషియని నేను చెప్పుట లేదు. పాపులతో కలిసి భోజనము చేయుచున్నాడని సణిగిన పరిసయ్యుల యెదుట ప్రభువు ఈ కథ చెప్పెను. వారి ముఖములే పెద్దవానిలో కనబడవలెను. అతని కోపములో అసూయ యున్నది, లెక్క యున్నది. చిన్నవాని యెడల తండ్రి చూపిన కృపను తగ్గించు బోధ సువార్త కాదు. కాని మనము పెద్దవాని తప్పు చెప్పి ముగించుచున్నాము. తండ్రి అట్లు ముగింపలేదు. విందు మధ్యలో లేచి, అతిథులను విడిచి, తానే వెలుపలికి వచ్చి బతిమాలెను. ఈ కథలో తండ్రి రెండు మారులు బయలుదేరెను. పగటివేళ దూరమున కనబడిన వాని కొరకు పరుగెత్తెను. పొలమునుండి వచ్చి గుమ్మము దాటనివాని కొరకు మరల బయటికి నడిచెను. మన ప్రసంగములు మొదటి ప్రయాణమును మాత్రమే ఎరుగును.

మన ఉద్దానమునకు వచ్చి ఈ కథను చదువుడు. దూరదేశమునకు పోయినవాడు దుర్వ్యాపారము చేయుటకే పోయెనని మనము తలంచుచున్నాము. పలాస రైలుస్టేషనులో పెట్టె నెత్తిన పెట్టుకొని నిలుచున్న యౌవనస్థులను చూడుడు. ఉపమానములో కరవు దూరదేశమున వచ్చెను; ఇచ్చట కరవు ఇంటనుండి, కొడుకు అన్నము వెదకుచు హైదరాబాదు, చెన్నపట్టణము పోవుచున్నాడు. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు పోయి పాకిస్తాను వారికి పట్టుబడిన ఆంధ్ర మత్స్యకారులలో మన జిల్లావారు అనేకులు. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో విడుదలయై వాఘా సరిహద్దు దాటి వచ్చిరి. వారు తండ్రి సొమ్ము పాడుచేసిన కుమారులా? పురుషోత్తమ చౌదరిగారి సంగతి మీరెరుగుదురు. 1803లో పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో మరణించువరకు ప్రభువును కీర్తించిన కవి. కులమును, పితరుల మతమును విడిచివచ్చిన ఆయన కీర్తనలు నేటికిని మన నోట నున్నవి. ఇల్లు విడిచినవాడెల్ల తప్పిపోయినవాడు కాడు.

అట్లే ఇంట నిలిచినవాడెల్ల సుఖముగా నున్నవాడును కాడు. మన ఉద్దాన గ్రామములలో మూత్రపిండముల జబ్బు ఎన్ని ఇండ్లలో నున్నదో చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరులో రెండువందల పడకల ఆసుపత్రి తెరువబడినది. ఒకప్పుడు దూరపట్టణములకు పోవలసిన రోగులకు అది మేలాయెను. మా సంఘములో ఒక పెద్దాయన డయాలసిస్‌కు పోవుచుండెను. వారమునకు మూడుమార్లు పెద్దకొడుకు మోటారుసైకిలు మీద తీసికొనిపోయి, నాలుగు గంటలు బయట కూర్చుండి, మరల ఇంటికి తెచ్చును. నేను పరామర్శకు పోయినప్పుడు ఆ పెద్దాయన తన రెండవవానిగూర్చియే చెప్పెను. చెన్నపట్టణమునుండి వాడు ఫోను చేసెనట, దసరాకు వచ్చునట. ఆ మాటలు చెప్పునప్పుడు ఆయన ముఖము వెలిగెను. పెద్దవాడు మంచము ప్రక్కనే నిలిచి మందుల చీటీ మడుచుచుండెను. నేనును ఆ చిన్నవాని కొరకే ప్రార్థన చేసి వచ్చితిని. ఇల్లు చేరిన తరువాత గాని నాకు సిగ్గు కలుగలేదు.

ఇక నా ఇంటి సంగతి చెప్పవలెను. చెప్పనియెడల ఈ విమర్శ పరులమీద రాయి విసరుటయగును.

మా తండ్రిగారు విడిచిన ఎకరమున్నర భూమిలో జీడితోట, కొబ్బరిచెట్లు ఉండెను. ‘చెట్టంత కొడుకు’ అనుట మన నుడికారము. ఉద్దానములో చెట్టునుగూర్చియు అట్లే అందుము. కొడుకు పెట్టని అన్నము కొబ్బరిచెట్టు పెట్టునని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరమున దాటినప్పుడు ఆ చెట్లన్నియు ఒక్క రాత్రిలో పడిపోయెను. ‘బియొస్’ అను గ్రీకు మాటకు అర్థము సెమినరీలో నేర్చుకొన్నదానికంటె ఆ ఉదయమున నాకెక్కువ తెలిసెను. అప్పుడు నా పెద్దవాడు టెక్కలిలో డిగ్రీ చదువుచుండెను. పడిన మ్రాకులు కోసి తొలగించుటకు వచ్చినవాడు మరల కాలేజీకి పోలేదు. పొమ్మని నేను గట్టిగా చెప్పలేదు. చిన్నవాని ఫీజులు కట్టవలసియుండెను. నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఐదారు సంవత్సరములైనను పట్టును. ఆ సంవత్సరములన్నియు వాడు మొక్కలకు నీరు మోసి, జీడిపిక్కలు అమ్మి, కూలికి పోయి ఇల్లు నడిపెను. చిన్నవాడు ఇంజనీరై హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. మంచి బిడ్డ, మాకు డబ్బు పంపును. వానిమీద నాకు ఫిర్యాదు లేదు.

మొన్నటి క్రిస్మసుకు చిన్నవాడు వచ్చెను. నేను ఆరాధనలో వాని పేరు చెప్పి స్తుతి చెల్లించితిని. ఆ వారమే ఈ ఉపమానముపై ప్రసంగించితిని. కృపనుగూర్చి చెప్పునప్పుడు నా కంఠము పూడుకొనెను. సంఘము కూడ కన్నీరు విడిచెను. పెద్దవాడు ఆ సేపంతయు వెనుక జనరేటరు దగ్గర నుండెను. ఆ రాత్రి భోజనములైన తరువాత వాడు అరుగుమీద ఒంటరిగా కూర్చుండి నన్ను పిలిచెను.

“నాన్నా, ఒకమాట అడగనా? ఆ పెద్దోడు చివరికి ఇంట్లోకెళ్ళాడా, లేదా?”

“రాయలేదురా” అంటిని.

“మరి మీరు ప్రతిసారీ ముద్దు పెట్టుకున్నకాడే ఆపేస్తారేటి?”

నేను వ్యాఖ్యానగ్రంథములలో చదివినదే వానికి చెప్పితిని. ఆ ముగింపు పరిసయ్యుల నిర్ణయమునకు విడువబడినదని వివరించితిని. వాడు తల ఊపెను. నేను చలిగా నున్నదని లోపలికి పోయితిని. వాడు అచ్చటనే ఉండిపోయెను. చదువరీ, వాక్యమును తెలిసినవాడనై, వాక్యములోని తండ్రి చేసినదానికి సరిగా విరుద్ధమైనది నేను ఆ రాత్రి చేసితిని. ఆయన లోపలినుండి వెలుపలికి వచ్చెను. నేను వెలుపలనుండి లోపలికి పోయితిని.

మన బోధలో నాకు కనబడు లోపము ఇదియే. ఈ ఉపమానము చదువునప్పుడు మనము, తండ్రులము, ఆ తండ్రి స్థానములో కూర్చుండుటకు ఇష్టపడుదుము. క్షమించువాని స్థానము ఘనమైనది గదా! కాని ఆయనలో సగమునే అనుసరించుచున్నాము. వచ్చినవాని మెడమీద పడుట సంతోషకరమైన పని; దానికి జనము, విందు, కన్నీరు తోడగును. ఎన్నడును పోనివాని యొద్దకు చీకటిలో నడచిపోవుటకు సాక్షులు లేరు. అచ్చట మనకు దొరకునది నింద మాత్రమే. ఒక మేకపిల్లయైన ఇయ్యలేదను నింద. ఉపమానములోని తండ్రి ఆ నింద విని కోపింపలేదు. కొడుకు కృతఘ్నుడని అనలేదు. నేనైతే అందును. మీరును అందురు.

ఇంకొకటి. మొదటి రెండు ఉపమానములలో వెదకువారున్నారు. నూరు గొఱ్ఱెలలో ఒకటి పోగా కాపరి వెదకెను; పది నాణెములలో ఒకటి పోగా స్త్రీ ఇల్లు ఊడ్చెను. ఇద్దరు కుమారులలో ఒకడు పోగా వెదకిన మనిషి కథలో లేడు. ఆ పని అన్నదని బోధకులు చెప్పుదురు, సత్యమే. కాని తన్ను దాసునిగా ఎంచుకొను కొడుకు తమ్ముని వెదక నెట్లు పోగలడు? వాడు కొడుకునని మొదట తెలిసికొనవలెను. ఉన్నదంతయు తనదేనని వాని తండ్రి ఆ రాత్రి చెప్పెను. ఆ మాట మన ఇండ్లలో కోపము పుట్టిన రాత్రి వరకు ఆగనక్కరలేదు. మామూలు దినమున, తోటలో, గంజి తాగునప్పుడు చెప్పవచ్చును.

ఆ క్రిస్మసు గడిచిన రెండవ వారమున నేను తోటకు పోయితిని. వాడు తుపాను తరువాత నాటిన కొబ్బరిచెట్లలో మూడవ వరుస మొదళ్లు త్రవ్వుచుండెను. నాకు ప్రసంగము చేయుట తెలియునే గాని కొడుకుతో మాటలాడుట తెలియదు. పారయొకటి తీసికొని ప్రక్కన త్రవ్వితిని. కొంతసేపటికి, “నీ చదువు నేను ఆపేశానురా. తప్పు నాదే” అంటిని. వాడు ఏమియు అనలేదు. నా చేతిలోని పార తీసికొని, దానిని పట్టుకొను విధమది కాదని చూపెను.

వాడు లోపలికి వచ్చెనా యని మీరడుగుదురేమో. నేను చెప్పలేను. తోటకు మాత్రము పోవుచున్నాను.

ప్రియ తండ్రీ, ఈ ఆదివారము నీ సంఘములో ఈ భాగము చదువబడిన యెడల ముద్దు పెట్టుకొన్నచోట బైబిలు మూయకుము. ఇంకను పండ్రెండు వచనములున్నవి. అవి చదివిన తరువాత నీ ఇంటి అరుగుమీద ఎవరు కూర్చున్నారో చూడుము. మన పరలోకపు తండ్రి ఇద్దరి యొద్దకును బయలుదేరి వచ్చినవాడు. ఆయన మనకు ఆ రెండవ ప్రయాణమును నేర్పును గాక. ఆమేన్.