శిల్పాచార్యుఁడు - శిష్యుఁడు

శిల్పాచార్యుని ప్రజ్ఞ యాతని విగ్రహములకంటె శిష్యులయందే స్పష్టముగఁ దెలియును. దేవీప్రసాద్ రాయ్ చౌదరి 1929లో మదరాసు చిత్రశిల్ప పాఠశాలకు అధ్యక్షుఁ డయ్యెను. 1959లో మదరాసు సముద్రతీరమున వెలసిన యాతని ‘శ్రమవిజయము’న నలువురు కార్మికులు పెనుబండను గదలింపఁ జూతురు, కండరముల బిగువే యందలి రసము.

ఆతనికడ నభ్యసించిన అంట్యాకుల పైడిరాజు శిల్పియుఁ జిత్రకారుఁడునై, నెల్లిమర్లకు సమీపమైన విజయనగరమున శిష్యులకుఁ గళ బోధించెను. పైడిరాజు చిత్రములందు గురువుగారి కండరములు కానరావు. పల్లెపడుచుల కొప్పులు, నగలు, చీరల రంగులు, నిండైన రేఖ - ఇవి యుత్తరాంధ్ర గ్రామసీమల సొత్తు. దీనిని గురుమార్గత్యాగ మనరాదు. ఆ గురువునకే శిష్యుఁడైన కె.సి.ఎస్. పణికరును వేఱొక త్రోవనే పోయెను. అచ్చు పోయుట బోధన కాదు. విగ్రహమునకువలె శిష్యునకును గన్ను తెఱపించుటయే శిల్పాచార్యత్వమునకు గీటురాయి.