మాటకు హద్దు గీసే పని

‘తోపు’ అంటే నిఘంటువులో చెట్ల గుంపు. కుర్రకారు నోట ఆరితేరినవాడు. ఆ అర్థం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఇలాంటి వాడుక మాటలు నేర్పే యాప్ రూపకర్త పనితనం తేలేది ‘హౌలే’ లాంటి మాట దగ్గర. హైదరాబాద్‌లో దోస్తుల మధ్య అది చనువు, కొత్తవాళ్ల దగ్గర తిట్టు. ఎవరితో అనొచ్చో, ఎవరితో అనకూడదో చిన్న తెరమీద ఒక్క చూపులో అందేలా అమర్చడం నాకు గొప్ప నేర్పుగా కనిపిస్తుంది. అది కుదిరిందో లేదో పరీక్షలోనే తెలుస్తుంది. వాడుకరి చేతికి ఫోన్ ఇచ్చి, మనసులో అనుకునేది పైకి చెబుతూ వాడమంటారు. సాయం చేయాలనిపించినా నోరు మెదపరు. అర్థం సరిగ్గా చెప్పిన మనిషే ఆ మాటను మేనేజరుకు పంపే సందేశంలో పెట్టాడంటే తప్పు తెరది. దాన్ని వాడినవారి మీదికి నెట్టకపోవడం ఈ వృత్తిలోని పెద్ద మర్యాద.

ఇలాంటి పరీక్షకు ఐదుగురు చాలని వినియోగ సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట ప్రసిద్ధం. వాడుకరులు వేర్వేరు రకాలైతే ప్రతి గుంపునూ విడిగా చూడాలనీ ఆయనే అన్నాడు. యాసల విషయంలో ఆ రెండో మాటే ముఖ్యం: వరంగల్ విద్యార్థికి అలవాటైన పలుకు డల్లాస్‌లో పెరిగిన తెలుగు పిల్లకు కొత్త. యాప్ పూర్తయ్యేలోగా వాడుక మారిపోతుందనే అభ్యంతరం నిజమే. అందుకే మాటలు మార్చే వీలు ముందే కట్టిపెట్టాలి, పాతబడినవాటికి గుర్తు వేయాలి. వీధిలోనే నేర్చుకోవాలన్న వాదన ఇంకా బలమైనది. కానీ వీధిలో మాటను తప్పుగా వాడితే పరువు పోతుంది, తెరమీద మళ్లీ ప్రయత్నించవచ్చు. పైగా ఆ తెరలోని మాటలూ వీధిలో మాట్లాడేవారి నోటినుంచే రావాలి.