నాలుగు స్వరాల అపరాధం

రాగమన్న తరువాత కనీసం ఐదు స్వరాలుండాలని, అంతకు తగ్గినది రాగమనిపించుకోదని కర్ణాటక సంగీత పండితులు చిరకాలంగా చెబుతూ వచ్చారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ మాటను పక్కనపెట్టి మహతి, లవంగి, సుముఖం అనే నాలుగేసి స్వరాల రాగాలను, సర్వశ్రీ అనే మూడు స్వరాల రాగాన్ని సభకెక్కించినప్పుడు ముందు వరుసల్లో చప్పట్లు ఎంతగా మోగాయో, వెనుక వరుసల్లో గొణుగుడు కూడా అంతగానే వినిపించింది.

1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన ఆయన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు, ఆ వరుసలో త్యాగరాజ పరంపరకు చెందినవాడు. పిల్లవాడి పాట విన్న హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ‘బాల’ అనే మాటను పేరుకు ముందు చేర్చారంటారు. డెబ్బై రెండు మేళకర్త రాగాలన్నింటిలో కృతులు కట్టిన మనిషికి స్వరాలు కరువై నాలుగింటితో సరిపెట్టుకోలేదన్నది ముందు గ్రహించవలసిన సంగతి.

స్థాయిని పన్నెండు స్వరస్థానాలుగా, అంటే పన్నెండు మెట్లుగా భావిస్తే మహతిలో మిగిలేవి షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం మాత్రమే. షడ్జం నుంచి గాంధారానికి నాలుగు మెట్లు, అక్కడి నుంచి పంచమానికి మూడు, ఆపైన నిషాదానికి మరో మూడు. జారు అంటే ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తెగకుండా కంఠాన్ని జరపడం. గాంధారం నుంచి షడ్జానికి జారేటప్పుడు గొంతు దారిలో రిషభం దగ్గర రవ్వంత ఆగినా అన్యస్వరం పలికి రాగం చెడుతుంది. స్వరాన్ని ఊపి పలికే కంపిత గమకం పక్క స్థానాలను తాకుతుంది గనుక దాన్ని కూడా ఆచితూచి వాడాలి. అందుకే ఆయన స్వరాన్ని నిశ్చలంగా నిలిపే కార్వైల మీద, మంద్రం నుంచి తారస్థాయికి అవలీలగా సాగే కంఠం మీద ఆధారపడి ఆలాపనను అల్లారు. గమకం చాలదని విమర్శకులు ఎత్తిచూపినది నిజానికి ఆ రాగం కోరిన నిగ్రహమే! షడ్జంతో పాటు శుద్ధ రిషభ, మధ్యమ, ధైవతాలతో నడిచే లవంగిలో పంచమం ఊతం కూడా లేదు. తంబురా శ్రుతిలో పంచమం మోగుతూనే ఉండగా గొంతులో దాన్ని తొంగిచూడనీయకుండా పాడటం ఎంతటి విద్వత్తో, పాడటానికి పూనుకున్నవారికే తెలుస్తుంది.

1980ల తొలి సంవత్సరాల్లో వీణా విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఈ రాగాల మీద బహిరంగంగా ధ్వజమెత్తారు. ఆయన సామాన్యుడు కాడు, ఆక్షేపణ కూడా తీసిపారేయదగినది కాదు. స్వరాలు తగ్గినకొద్దీ సంచారాలు తగ్గుతాయి, సంచారాలు తగ్గితే చర్వితచర్వణం తప్పదు. అయితే త్యాగరాజు కృతి కట్టిన నవరసకన్నడ రాగం ఆరోహణలో ఉన్నవి స, గ, మ, ప అనే నాలుగు స్వరాలే. అవరోహణలో ఆరు స్వరాలున్నాయి కదా అన్నది పండితుల సమాధానం, అందులో న్యాయముంది. మరి నాలుగు స్వరాల గానం మార్గం, అంటే శాస్త్ర సమ్మతమైన సంగీతం, కాదన్న ప్రాచీన సంగీత శాస్త్రకారుడు మతంగుడే, తన బృహద్దేశిలో, అలా పాడుకునే శబర పుళిందాదుల వరసలో ఆంధ్రులను కూడా చేర్చాడు. తెలుగువాడు ఆ నింద విని నొచ్చుకోవాలో, మీసం మెలివేయాలో తేల్చుకోవచ్చు.

బాలమురళి తేల్చుకున్నది పాటలోనే. ఎవరేమన్నా ఆ రాగాల్లో కృతులు కట్టి కచేరీల్లో పాడుతూ వచ్చారు. వివాదం ముదరడానికి ముందే, 1975లో, ఎం.ఎస్. విశ్వనాథన్ ‘అపూర్వ రాగంగళ్’ తమిళ చిత్రంలో మహతిని ఏసుదాసు చేత పాడిస్తే, రాగ లక్షణమన్న మాటే ఎరుగని జనం దాన్ని కూనిరాగంగా తీశారు. అలాగని బాలమురళి అన్నింటికీ చిరునవ్వే నవ్వారనుకోకూడదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కళా అకాడమీలను రద్దు చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ గడ్డ మీద పాడనని భీష్మించుకున్నారు. కళాకారుడి మీద విమర్శను ఓర్చిన మనిషి కళ మీద వేటును ఓర్వలేదు.

మనసు మండించేది నేటి అనుకరణ. స్వరాల పట్టికలో ఎవరూ వాడని నాలుగింటిని ఏరి, పేరొకటి తగిలించి, ‘కొత్త రాగం’ అని ప్రకటించేవారు బయలుదేరారు. పిలిస్తే పలికే సంచారం ఒక్కటైనా అందులో ఉండదు, ఆక్షేపిస్తే మాత్రం బాలమురళి పేరును అడ్డం పెట్టుకుంటారు. ఆయన స్థాయి మార్పులను గారడీగా నేర్చి శ్రుతిని గాలికి వదిలేసే గాయకులకు చప్పట్లు కొట్టే సభలు, మహతిని ఆయన జయంతినాటి లాంఛనంగా మిగిల్చాయి. 2016 నవంబరు 22న చెన్నైలో బాలమురళి గొంతు మూగబోయింది. విజయవాడ, హైదరాబాదు సభల నిర్వాహకులు పూలదండల ఖర్చు తగ్గించి, ఏటా ఒక యువ విద్వాంసుడి చేత అరగంట లవంగి ఆలాపన చేయించాలి, నచ్చనివారిని అక్కడే నోరు విప్పి ఆక్షేపించనివ్వాలి.