పాటకు తగ్గ పరికరం

ఉదయం ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో నిలబడి చూస్తే కుర్రకారులో చాలామంది చెవుల్లో తెల్లటి బ్లూటూత్ ముక్కలు కనిపిస్తాయి. అక్కడికి దగ్గర్లోని నాచారం హెచ్ఎంటీ నగర్‌లోనో, స్నేహపురి కాలనీలోనో పాత ఇంటి సజ్జ మీద వెతికితే క్యాసెట్ల పెట్టె దొరుకుతుంది. అదృష్టం బాగుంటే దాని కింద గ్రామఫోను రికార్డులూ ఉంటాయి. మూడూ పాట వినే సాధనాలే. వీటిలో ఏది గొప్పదన్న వాదన ఎన్నాళ్లయినా తెగదు, ఎందుకంటే ప్రశ్నలోనే లోపం ఉంది. ఏ పాటనైనా దాన్ని తయారు చేసినవాళ్లు ఒక పరికరాన్ని మనసులో పెట్టుకునే తయారు చేశారు. ఆ పరికరమేదో తెలిసి, దానికి దగ్గరగా వినడమే మంచి శ్రోత పద్ధతి. ఈ పద్ధతికి లక్షలు అక్కర్లేదు. కొంత తెలివిడి, కొంత ఓపిక ఉంటే చాలు.

ఈ తూర్పు హైదరాబాదు ధ్వనికి కొత్త చోటు కాదు. ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం ఉంది. నాచారంలో ఎన్టీ రామారావు రామకృష్ణ స్టూడియో వెలసింది. ఆయన 1977లో తీసిన 'దాన వీర శూర కర్ణ'లో కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు రికార్డులుగా, క్యాసెట్లుగా ఊరూరా మోగాయి. సినిమా చూడని పిల్లలకు కూడా అవి వినివిని కంఠతా వచ్చేశాయి. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో లేత్ మిషన్ మీద పనిచేసిన చేతులు ఎన్నో. రికార్డు పుట్టేది కూడా లేత్ మీదే కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

గాడిలో దాగిన గొంతు

లాకర్ పూత పూసిన అల్యూమినియం పళ్లెం లేత్ మీద తిరుగుతుంటే, పాట కంపనాలకు తగ్గట్టు అటూ ఇటూ కదిలే ఉలి దాని మీద ఒకే ఒక్క గాడిని చుట్టలా కోస్తుంది. ఆ పళ్లెం నుంచి లోహపు అచ్చు తీసి, అచ్చుతో వినైల్ రికార్డులు ఒత్తుతారు. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెడితే, లోపలి చివరన 21 సెంటీమీటర్లే పరుగెడుతుంది. అంత తక్కువ జాగాలో అంతే ధ్వనిని ఇరికించాలి గనుక, ఒక పక్కన ఉన్న చివరి పాట తొలి పాటంత తేటగా ఉండదు. ముల్లు అరిగిన ప్లేయర్‌లో ఈ తేడా గరగరగా బయటపడుతుంది.

గాడి కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. అలా చెయ్యకపోతే మృదంగం దెబ్బకు ముల్లు గాడి దాటి ఎగురుతుంది. వినేటప్పుడు ఈ తగ్గింపునూ పెంపునూ తిరగేసే చిన్న సర్క్యూట్ కావాలి. దాన్ని ఫోనో ప్రీఆంప్ అంటారు. ముల్లు నుంచి వచ్చే విద్యుత్తు మామూలుగా కొన్ని మిల్లీవోల్టులే. కనుక రికార్డు ప్లేయర్ వైరును నేరుగా మామూలు ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే పాట సన్నగా, కీచుగా వస్తుంది. పాత రికార్డు పాడైపోయిందని చాలామంది పారేసేది ఇక్కడే. పాడైంది రికార్డు కాదు, మధ్యలో ఉండాల్సిన వస్తువు లేదు, అంతే.

గాడి మీద ముల్లు మోపే బరువు మామూలు కార్ట్రిడ్జికి (ముల్లును పట్టి ఉంచే భాగం) ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల దాకా ఉంటుంది. బరువు తగ్గిస్తే రికార్డు అరగదనుకోవడం పొరపాటు. తేలికైన ముల్లు గాడిలో కుదురుగా కూర్చోక గోడలను కొట్టుకుంటుంది, రికార్డు చెడేది అప్పుడే. రికార్డులను పుస్తకాల్లా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే, మన ఎండాకాలంలో వంకరపోతాయి. ప్లేయర్‌ను గట్టి బల్ల మీదో, గోడకు బిగించిన చెక్క మీదో పెట్టాలి. భూకంపాల కదలికలను కొలిచే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ, 1961లో ఏర్పడింది) ఈ ఉప్పల్ దారిలోనే ఉంది. మన ఇంట్లోని ముల్లు కూడా కంపనాన్ని పట్టే సాధనమే. గదిలో నడిచే అడుగునూ, రోడ్డు మీద లారీనీ అది పాటతో పాటు పట్టేస్తుంది.

78 చుట్ల పాత రికార్డులది వేరే జాతి. అవి లక్కతో, రాతిపొడితో చేసినవి. పన్నెండు అంగుళాల పెద్ద రికార్డులను పక్కన పెడితే ఒక్కో పక్కకు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పట్టేది. పౌరాణిక నాటకాల పద్యాలు ఆ హద్దులోనే రికార్డులకెక్కాయి. రాగాన్ని ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆపాలో గాయకుడికి ఆ పళ్లెమే గీత గీసింది. ఎల్‌పీ ముల్లుతో వీటిని మోగించకూడదు. గాడి వెడల్పు ఎక్కువ గనుక సన్నటి ముల్లు అడుగుకు జారి దుమ్మును గీకుతుంది. మూడు నాలుగు రెట్లు లావైన ముల్లు వాడాలి. ఎల్‌పీని తుడవడానికి వాడే ఆల్కహాలును వీటికి తగలనివ్వకూడదు, లక్క అందులో కరిగిపోతుంది. మెత్తటి గుడ్డ, కొద్దిగా మంచి నీళ్లు చాలు.

ఒక్క స్పీకరు కాలం

ఘంటసాల, సుశీల, లీల పాడిన సినిమా పాటల్లో చాలావరకు మోనో. అంటే ధ్వని ఒకే దారిలో నమోదైంది. వాటిని జనం విన్నది రేడియోలో, సినిమా హాల్లో, పెళ్లి పందిట్లో మైకుసెట్టు మీద. నిజాం కాలంలో 1935లో మొదలైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1957లో వివిధభారతి వచ్చింది. చెక్కపెట్టెలో, గుడ్డ పరదా వెనక ఒక్క స్పీకరున్న వాల్వు రేడియో ఆనాటి ఇంటి సంగీతశాల. మైకుసెట్టు గొట్టం మంద్రాన్ని వదిలేసి గొంతునే దూరాలకు మోసుకుపోతుంది. బోనాల నాడు ఉప్పల్‌లోనూ నాచారంలోనూ నాలుగు వీధుల అవతలినుంచి పాట మాటమాటా తెలిసేది అందుకే. ఆ కాలపు పాటల్లో గొంతు అన్నిటికంటే ముందుకు, వాద్యాలు వెనక్కి ఉండటం ఈ సాధనాలకు సరిగ్గా అమరింది.

ఆ పాటను ఈనాటి ఇయర్‌ఫోన్లలో వింటే గొంతు తల మధ్యలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. అదే పాటను గదిలో ఒక్క మంచి స్పీకరులో విని చూడండి. గాయకుడు ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. మోనో రికార్డును, రెండు దారుల ధ్వనికి చేసిన స్టీరియో కార్ట్రిడ్జితో వినేవాళ్లు ఆంప్లిఫయర్ మీద మోనో మీట ఉంటే తప్పక నొక్కాలి. మోనో గాడిలో పాటంతా పక్కలకు కదిలే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలేదంతా దుమ్మూ గీతలూ. మీట నొక్కగానే ఆ చప్పుడులో పెద్ద భాగం రద్దయిపోతుంది. పైసా ఖర్చు లేని శుభ్రత ఇది.

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. ఘంటసాల భగవద్గీత ఆయన 1974లో కన్నుమూసిన తర్వాత ఇంటింటికీ చేరింది. ఇవి మనకు ఎంత దగ్గరయ్యాయంటే, వాటిని వినడం ఒక కళ అన్న సంగతే మరిచిపోయాం. తెల్లవారుజామున, తక్కువ శబ్దంతో, ఒక్క స్పీకరులో వాటిని వినండి. ఉచ్చారణలోని ప్రతి ఒత్తూ విడిగా తెలుస్తుంది.

రీలు చేసిన మేలు

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్ 1980లలో మన దేశంలో రికార్డును పక్కకు నెట్టింది. చవక, చిన్నది, అన్నిటికంటే ముఖ్యంగా ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు. పాటల జాబితా రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్ నింపి ఇచ్చే రికార్డింగ్ షాపులు ప్రతి బస్తీలో వెలిశాయి. సి-60లో పక్కకు అరగంట, సి-90లో ముప్పావుగంట. ఏ పాట తర్వాత ఏ పాట, ఏ పక్క దేనితో ముగియాలి అని కూర్చుని ఆలోచించినవాడు శ్రోతగా ఒక మెట్టు ఎక్కాడు. క్యాసెట్ మనకు చేసిన మేలు అది.

క్యాసెట్ రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఇంత సన్నటి రీలులో రెండు పక్కలా స్టీరియో పట్టాలంటే నాలుగు దారులు కావాలి. వేగం ఇంత తక్కువ కావడం వల్ల టేపురికార్డరు హెడ్ వెంట్రుకవాసి వాలినా తాళాల చప్పుడు మొద్దుబారుతుంది. హెడ్ పక్కనున్న చిన్న మరను సన్నటి స్క్రూడ్రైవరుతో మెల్లగా తిప్పుతూ, ధ్వని అత్యంత తేటగా వచ్చేచోట ఆపాలి. ఈ విద్య తెలిసిన మెకానిక్కులు ఇప్పుడు తగ్గిపోయారు. ఇంట్లో చెయ్యగలిగింది మాత్రం చాలా ఉంది. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి హెడ్‌నూ, రీలును లాగే ఇరుసునూ తుడవాలి. రబ్బరు చక్రాన్ని కూడా శుభ్రం చేయాలి. ఏళ్లుగా మూలపడిన మిషన్‌లో రబ్బరు బెల్టు జిగురైపోతుంది, క్యాసెట్ పెట్టేముందే దాన్ని మార్పించాలి. క్యాసెట్ లోపల రీలును హెడ్‌కు అదిమే చిన్న మెత్త ఊడిందేమో చూడాలి. మోగించే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలి.

సంగీతం తెలిసినవాళ్లు మరొకటి గమనించాలి. వేగం ఆరు శాతం పెరిగితే ఒకటో శ్రుతిలో పాడిన కచేరీ ఒకటిన్నర శ్రుతికి ఎక్కుతుంది. అరిగిన మిషన్లలోంచి ఇంటర్నెట్‌కు ఎక్కిన ఎన్నో పాత కచేరీలకు ఈ జబ్బు ఉంది. గాయకుడి గొంతు చిన్నపిల్లాడిదిలా వినిపిస్తే ముందు వేగాన్ని అనుమానించాలి.

అంకెల్లోకి వచ్చాక

1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో దాస్తుంది. కొలతల్లో అది వినైల్ కంటే మెరుగే. గీతల చప్పుడు లేదు, లోపలి అంచు బాధ లేదు, మోగించే కొద్దీ అరగదు. స్టీరియోలో, డిజిటల్‌లో పుట్టిన పాటలను, అంటే 1990ల తర్వాతి సినిమా సంగీతంలో ఎక్కువ భాగాన్ని, వినైల్ మీద వినాలని వెంపర్లాడటంలో పెద్ద లాభం లేదు. వాటికి సీడీయో, సీడీకి సమానమైన ఫ్లాక్ ఫైలో సరైన రూపం.

సీడీ నుంచి సెకనుకు 1,411 కిలోబిట్లు వస్తాయి. 128 కిలోబిట్ల ఎంపీ3 అందులో పదకొండో వంతు. చెవి పట్టుకోలేదనుకున్న భాగాన్ని లెక్కకట్టి తీసేయడం వల్ల ఇది సాధ్యమైంది. ఒక్కసారి, తగినంత ఎక్కువ బిట్లతో తీస్తే నష్టం తెలియదు. మనవాళ్ల చేతుల్లో తిరిగే పాత పాట మాత్రం ఒకసారి వీడియోగా, మరోసారి ఎంపీ3గా, చివరికి బ్లూటూత్ దారిలో ఇంకోసారి నలుగుతుంది. తంబురా శ్రుతి గలగలమని నీళ్లలో తడిసినట్టు వినిపిస్తే కారణం అదే. కొన్నవి, నమ్మకమైన చోట దొరికినవి వినండి. స్ట్రీమింగ్ యాప్‌లో ధ్వని నాణ్యత అన్నచోట అన్నిటికంటే పైదాన్ని ఎంచుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు వైరు వాడండి.

గది, చెవి

పరికరం మీద పెట్టే డబ్బులో పెద్ద వాటా స్పీకర్లకు పోవాలి. ఆడియో దుకాణాలున్న కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ స్పీకర్లను మించి ధ్వనిని మార్చేది గది. కాంక్రీటు గోడలు, గ్రానైటు నేల ఉన్న అపార్టుమెంటులో ఒకసారి చప్పట్లు కొట్టండి. గణగణ మోగితే పాట కూడా అలాగే మోగుతుంది. మందపాటి పరదా, నేల మీద జంపఖానా, పుస్తకాల బీరువా ఉంటే సగం పని అయినట్టే. స్పీకర్లు రెండూ మీరూ కలిసి సమత్రిభుజంలా ఉండాలి. గోడకు కనీసం అడుగు ఎడం ఇవ్వాలి. మూలకు నెడితే మంద్రం ఉబ్బి గొంతును మింగేస్తుంది.

హెడ్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. మిషన్ల హోరులో పనిచేసి ఇంటికొచ్చేవాళ్ల చెవులు అప్పటికే అలసి ఉంటాయి. వాళ్లు గంటసేపు నిశ్శబ్దంగా ఉండి వినడం మొదలుపెడితే తక్కువ శబ్దంలోనే ఎక్కువ వినపడుతుంది.

ఇక సజ్జ మీది పెట్టె సంగతి. సినిమా పాటలు ఎక్కడో ఒకచోట భద్రంగానే ఉంటాయి. అమ్మమ్మ పాడిన మంగళహారతి, అక్క పెళ్లిలో వాయించిన సన్నాయి, పక్కింటి మాస్టారు చెప్పిన సంగీత పాఠం మాత్రం ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉన్నాయి. వాటిని ఏ కంపెనీ విడుదల చేయదు. రీలు మీది అయస్కాంతపు పూత ఏటేటా బలహీనపడుతోంది, మోగించే మిషన్లు అంతకంటే వేగంగా మాయమవుతున్నాయి. ఈ ఆదివారమే పెట్టె దించండి. చేతిరాత ఉన్న క్యాసెట్లను ముందుగా వేరు చేయండి. మంచి మిషన్ ఉన్నవాళ్లను వెతికి, 24 బిట్లలో, వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుగా ఎక్కించి, రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఎవరి గొంతు, ఏ సంవత్సరం, ఏ ఊరు అన్నది ఫైలు పేరులోనే రాయండి. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని, ఫోన్లు పక్కన పెట్టి, ఒక్క స్పీకరులో వినండి.