తిప్పి తూచడం

ఏ ప్రయోగం గురించి చదివినా, ఏం తేలిందన్నది పక్కనపెట్టి ఎలా కొలిచారో వెతుక్కోవడం నాకు అలవాటు. ప్రోటాన్ స్పిన్ కథలో ఆ వెతుకులాట వృథా పోలేదు.

ప్రోటాన్ స్పిన్, అంటే దాని సహజ భ్రమణ గుణం, క్వాంటం కొలతలో సగం. లోపలున్న మూడు క్వార్కుల స్పిన్లు కలిసే ఆ సగం వస్తోందని చాలాకాలం అనుకున్నారు. 1988లో సెర్న్‌ నుంచి యూరోపియన్ మ్యూఆన్ బృందం ప్రకటించిన ఫలితంతో ఆ లెక్క కూలింది. క్వార్కుల స్పిన్ వాటా దాదాపు మూడో వంతేనని ఇప్పటి అంచనా. మరి మిగతాది ఆ క్వార్కులను అతికించి ఉంచే గ్లూఆన్లదా?

అది తేల్చడానికి అమెరికాలో లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో, 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న రిక్ అనే యంత్రంలో, స్పిన్ దిశ సరిచేసిన ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టించారు. స్పిన్లు ఒకే వైపున్నప్పుడు ఎన్ని జెట్లు, అంటే కణాల జల్లులు, పుట్టాయి, ఎదురుబొదురుగా ఉన్నప్పుడు ఎన్ని? గ్లూఆన్ల గుట్టు ఆ తేడాలో ఉంది. తేడా మాత్రం మహా అయితే వందకు ఒకటో రెండో పాళ్లు, చాలాచోట్ల అంతకంటే తక్కువ. డిటెక్టర్ కాస్త మందగించినా అంతకు మించిన తేడా కనిపిస్తుంది.

తక్కెడ మీద అనుమానమొస్తే గుండును ఇటు, సరుకును అటు మార్చి మళ్లీ తూయిస్తాం కదా, వీళ్లు చేసిందీ అదే. రింగులో ప్రోటాన్లు గుంపులుగా తిరుగుతాయి. ఒక గుంపు స్పిన్ ఇటుంటే మరో గుంపుది అటు. గుంపుకూ గుంపుకూ ఎడం దాదాపు 106 నానోసెకన్లు. అంతలో డిటెక్టర్ బుద్ధి మారే ప్రశ్నే లేదు. అదీ చాలదన్నట్టు, కొత్తగా ప్రోటాన్లు నింపినప్పుడల్లా ఆ వరుసనూ మార్చేవారు. ఇంత అనుమానం నాకు ముచ్చటేస్తుంది.

వేగం పెంచుతుంటే స్పిన్ దిశ చెదిరిపోవడం ఇంకో బెడద. దానికి విరుగుడు సైబీరియన్ స్నేక్స్ అనే మెలి అయస్కాంతాలు. నోవోసిబిర్స్క్ శాస్త్రవేత్తలు డెర్బెనెవ్, కొండ్రాటెంకోల ఊహ అది. దారిలో స్పిన్‌ను తలకిందులు చేస్తే, అయస్కాంతాల లోపాలు ఒకసారి పక్కకు నెట్టినదాన్ని మరోసారి వెనక్కి నెడతాయి. ఇక్కడా తిప్పడమే! ఇంత చేసినా నిలిచే ధ్రువణం, అంటే స్పిన్లు ఒకే దిశలో ఉండే మోతాదు, సుమారు 55, 60 శాతం. అదెంతో కచ్చితంగా తెలియాలంటే కిరణానికి అడ్డంగా ధ్రువణం చేసిన హైడ్రోజన్ ధారను వదిలి చూడాలి.

గ్లూఆన్ల స్పిన్‌కూ చెప్పుకోదగ్గ వాటా ఉందని 2014లో విశ్లేషణలు వచ్చాయి. అయితే ప్రోటాన్ ద్రవ్యవేగంలో మరీ చిన్న భాగం మోసే గ్లూఆన్ల దగ్గరికి రిక్ చూపు సరిగా ఆనలేదు. క్వార్కులు, గ్లూఆన్లు లోపల తిరుగుతున్నందువల్ల వచ్చే వాటా ఎంతో కూడా తేలాలి. ఆ పనికి అదే సొరంగంలో ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతో ఢీకొట్టించే యంత్రం తలపెట్టారు. అందులో రెండు వైపులా స్పిన్లు తిప్పుతారు.