బోట్‌హౌస్‌లో స్నానాల గది

క్రీడల్లో గొప్ప విజయాల గురించి రాసే పుస్తకాలు చాలావరకు ఒకే నమ్మకం మీద నడుస్తాయి. నొప్పిని ఓర్చుకున్నవాళ్లే గెలుస్తారని, తక్కినవన్నీ సాకులని. ఏడాదిగా నేను పడవ పందేల మీద, అంటే రోయింగ్ మీద, ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలు వరసగా చదువుతున్నాను. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్‌డి చేసినదానివి, నీకీ పడవల గొడవేంటని స్నేహితురాళ్లు నవ్వారు. నిజానికి అక్కడినుంచే ఇటు వచ్చాను. ఆత్మకథలో స్త్రీ తన శరీరం గురించి ఎక్కడ మాట్లాడుతుంది, ఎక్కడ దాటేస్తుంది అన్నదే అప్పుడూ నా ప్రశ్న. రోయింగ్ పుస్తకాల నిండా శరీరమే కదా, చూద్దామనుకున్నాను. అందులో ఉన్నది ఎవరి శరీరమో చదివాక తెలిసింది.

ఈ కోవలో అందరికీ తెలిసిన పుస్తకం డేనియల్ జేమ్స్ బ్రౌన్ రాసిన 'ది బాయ్స్ ఇన్ ద బోట్' (2013). 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హిట్లర్ చూస్తుండగా బంగారు పతకం గెలిచిన వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాళ్ల కథ. ఇటలీ జట్టు మీద వాళ్ల ఆధిక్యం 0.6 సెకన్లు. 2023లో జార్జ్ క్లూనీ దీన్ని సినిమాగా కూడా తీశాడు. పుస్తకం బాగుంటుంది, ఆ మాట ముందే చెప్పాలి. ఆర్థికమాంద్యం, ఆకలి, చలి, తిండి కోసం పడవెక్కిన పేద పిల్లలు. ఫలితం తెలిసి కూడా చివరి పందెం దగ్గర ఊపిరి బిగబట్టి చదువుతాం. ఎనిమిది తెడ్లూ ఒక్కటై కదిలే స్థితిని వాళ్లు 'స్వింగ్' అంటారు. 'నేను' కరిగిపోయి పడవ మాత్రమే మిగిలే స్థితి. బ్రౌన్ దాన్ని దాదాపు భక్తితో వర్ణిస్తాడు.

అయితే ఈ 'నేను' కరిగిపోవడానికి ముందు ఎవరెవరు కరిగిపోయారు? కథానాయకుడు జో రాంట్జ్ తల్లి అతని పసితనంలోనే చనిపోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లి థూలా ఒత్తిడి మీద 1929లో పదిహేనేళ్ల జోని సగం కట్టిన ఇంట్లో ఒంటరిగా వదిలేసి కుటుంబమంతా వెళ్లిపోయింది. సవతి తల్లి అనగానే మనకిక వేరే వివరణ అక్కర్లేదు, బాలనాగమ్మ కథల నుంచి సినిమాల దాకా అలవాటైన పాత్ర. కానీ ఈ థూలా మంచి వయొలిన్ విద్వాంసురాలు. ఆ సంగతి బ్రౌనే చెప్తాడు. అంత ప్రతిభ ఉన్న స్త్రీ గని కార్మికుల శిబిరాల్లో, పూర్తికాని ఇళ్లలో వరసగా పిల్లల్ని కంటూ బతికింది. జో ప్రతిభకి 400 పేజీలు. ఆమె ప్రతిభ ఆమె కోపానికి కారణంగా మాత్రమే పనికొచ్చింది. జో చేసిన త్యాగాలన్నీ పతకం వైపు సాగాయి, ఆమెవి ఎటూ సాగలేదు. జోని వదిలేసిన నేరాన్ని నేను చిన్నది చేయడం లేదు. ఆ ఇంట్లో ఇద్దరు కళాకారులుంటే పుస్తకం ఒకరినే చూసిందంటున్నాను.

జో ప్రేమించిన జాయిస్ కూడా అదే యూనివర్సిటీలో చదివింది, ఒకరింట్లో పనిమనిషిగా చేస్తూ. అతను తెడ్డు వేసి చదువుకున్నాడు, ఆమె అంట్లు తోమి చదువుకుంది. మొదటిది ఇతిహాసమైంది, రెండోది కొన్ని పేరాలు. అన్నిటికంటే పెద్ద తమాషా ఏమిటంటే ఈ కథ రచయితకి దొరికిందే జో కూతురు జూడీ వల్ల. తండ్రి చివరి రోజుల్లో ఆయన్ని చూసుకున్నదీ, జ్ఞాపకాలనూ కాగితాలనూ భద్రపరిచి రచయిత చేతిలో పెట్టిందీ ఆమే. బ్రౌన్ కృతజ్ఞత లేనివాడు కాదు, ఇదంతా రాశాడు. అయినా అట్ట మీద 'బాయ్స్' మాత్రమే ఉన్నారు.

డేవిడ్ హాల్బర్‌స్టామ్ 'ది అమెచ్యూర్స్' (1985) గురించి ఎక్కువ చెప్పను. ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ మీద దొరికింది. డబ్బూ పేరూ రాని ఆట కోసం నలుగురు మగవాళ్లు ఎందుకంత బాధ పడతారన్నది అందులో ప్రశ్న. నన్ను ఆపింది దాని పేరు. అమెచ్యూర్ అంటే ఆట మీద ప్రేమతో ఆడేవాడు అనుకుంటాం. కానీ ఇంగ్లండ్‌లో హెన్లీ పోటీల నిర్వాహకులు 1879లో రాసుకున్న నిర్వచనం ప్రకారం కూలికి చేతిపని చేసేవాడు అమెచ్యూర్ కాడు. మెకానిక్, చేతివృత్తులవాడు, కూలీ, ముగ్గురికీ ప్రవేశం లేదు. 1930ల చివరిదాకా ఆ నియమం సాగింది. ఒకప్పుడు తాపీ పని చేసిన జాన్ కెల్లీ, నటి గ్రేస్ కెల్లీ తండ్రి, 1920లో హెన్లీకి దరఖాస్తు చేస్తే తిప్పి పంపారు. అదే ఏడాది అతను ఒలింపిక్ బంగారు పతకం గెలిచాడు. మనకిది కొత్త సంగతి కాదు. పడవతో పొట్టపోసుకునే బెస్తవాళ్లకి, గంగపుత్రులకి తెడ్డు పట్టడం కులవృత్తి. అదే తెడ్డు తెల్లబట్టల పెద్దమనిషి పడితే క్రీడ. 'శ్రేష్ఠత' అన్న మాట పుట్టినచోటే ఇలా గీత గీసి ఉంది.

ఆడవాళ్ల పుస్తకాల దగ్గరికొస్తే కథ నీళ్లమీద మొదలవదు, గది దగ్గర మొదలవుతుంది. డేనియల్ బోయిన్ 'ది రెడ్ రోజ్ క్రూ' (2000), 1975 ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చిన అమెరికన్ అమ్మాయిల గురించి. శ్రద్ధగా రాసిన పుస్తకమే గానీ కోచ్ హారీ పార్కర్ నీడ దాని మీద కాస్త ఎక్కువ పడింది. జిన్నీ గిల్డర్ ఆత్మకథ 'కోర్స్ కరెక్షన్' (2015) వేరే పుస్తకం. యేల్ యూనివర్సిటీలో ఆడవాళ్ల జట్టు చలికాలం నదిలో సాధన చేసేది. అయ్యాక మగవాళ్లు బోట్‌హౌస్‌లో వేడినీళ్ల స్నానం చేసేవాళ్లు. ఆడవాళ్లకి గది లేదు. తడిబట్టలతో, తల మీద గడ్డకట్టిన నీళ్లతో, మగవాళ్ల స్నానాలు పూర్తయ్యేదాకా బస్సులో కూర్చునేవాళ్లు. జబ్బులు పడేవాళ్లు. 1976 మార్చి 3న కెప్టెన్ క్రిస్ ఎర్న్‌స్ట్‌తో కలిసి 19 మంది ఆ విభాగం అధికారిణి ఆఫీసులోకి వెళ్లి బట్టలు విప్పారు. ఒంటి మీద రాసుకున్నది 'టైటిల్ నైన్', విద్యలో స్త్రీలపట్ల వివక్షని నిషేధించిన 1972 నాటి చట్టం పేరు. ఎర్న్‌స్ట్ ప్రకటన చదివింది. న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. ఆ తర్వాతే గది వచ్చింది. ఆ 19 మందిలో గిల్డర్ ఒకరు. (ఎర్న్‌స్ట్ తర్వాత ప్లంబింగ్ పని వృత్తిగా చేసుకుందట. ఎంత సబబుగా ఉందో!)

స్త్రీ శరీరం చూసేవాళ్ల కోసం ఉన్నదన్న ఊహనే వాళ్లు తిరగేసి వాడారు. ఇదిగో, మీరు స్నానం చేయనివ్వని శరీరం ఇదీ, చూడండి అన్నారు. అయితే నన్ను ఎక్కువ కదిలించింది ఆ దృశ్యం కాదు. ఆ తర్వాత కూడా గిల్డర్ తన శరీరంతో రాజీ పడకపోవడం. తిన్నది కక్కుకునే జబ్బు, కూలిపోయిన తల్లి, విడిపోయిన ఇల్లు, స్త్రీని ప్రేమిస్తున్నానని తనకి తాను ఒప్పుకోవడానికి పట్టిన ఏళ్లు. మగవాళ్ల పుస్తకాల్లో నొప్పి పందెం గెలిచాక ముగుస్తుంది. ఈమె 1984లో వెండి పతకం తెచ్చుకున్నాక కూడా నొప్పి కొనసాగుతుంది. 'నేను' కరిగిపోవడం ఆమెకి మోక్షంలా కనిపించదు, ఎందుకంటే ఆ 'నేను' అసలింకా ఏర్పడలేదు. అన్నట్టు, ఆ 1984 ఒలింపిక్స్ దాకా ఆడవాళ్ల పందెం 1000 మీటర్లే, మగవాళ్లకి 2000. సియోల్ నుంచి, అంటే 1988 నుంచి, సమానమయ్యాయి.

గిల్డర్ మీద నాకున్న ఫిర్యాదు ఆమె తండ్రి సంపద గురించి. వాల్‌స్ట్రీట్ ధనవంతుడి కూతురు. బోట్‌హౌస్‌లో స్నానాల గది లేకపోవడం ఆమెకి ఆశ్చర్యం, అవమానం. ఇంట్లోనే స్నానాల గది లేని పిల్లకి అది ఆశ్చర్యం కాదు. ఆ పిల్ల రాసే ఆత్మకథ ఈ దృశ్యంతో మొదలవదు. ఇంకెక్కడ మొదలవుతుందన్నది ఈ పుస్తకాలేవీ నాకు చెప్పలేదు.

నేను సనత్‌నగర్‌లో ఉంటాను. ఫతేనగర్‌లో ఎంఎంటిఎస్ ఎక్కితే కాసేపట్లో నెక్లెస్ రోడ్, ఎదురుగా హుస్సేన్‌సాగర్. 2002 జాతీయ క్రీడల్లో, 2005 ఆసియా రోయింగ్ పోటీల్లో పడవలు పరుగెత్తింది ఈ నీళ్ల మీదే. మా సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీల మురుగు కూకట్‌పల్లి నాలా గుండా దశాబ్దాలపాటు చేరిందీ ఈ నీళ్లలోకే. బ్రౌన్ పుస్తకంలో నీళ్లకి దేవదారు వాసన ఉంటుంది. మన పుస్తకం ఎవరైనా రాస్తే నీళ్ల వాసన దగ్గర నిజాయితీగా ఉండక తప్పదు. ఈ సాగర్‌లోనే రసూల్‌పురా బస్తీ పిల్లలు, ఆడపిల్లలతో సహా, సెయిలింగ్ నేర్చుకుని పెద్ద పోటీల దాకా వెళ్లారు. తెరచాప పడవ వేరు, తెడ్డు పడవ వేరు, నిజమే. నీళ్లూ ఒడ్డూ ఒకటే.

రోయింగ్‌లో మన దేశం లెక్క ఇది. 2000 సిడ్నీ నుంచి 2024 పారిస్ దాకా ప్రతి ఒలింపిక్స్‌కీ మనవాళ్లు వెళ్లారు, అందరూ మగవాళ్లే. ఒక్క స్త్రీ కూడా లేదు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది సైన్యం నుంచి వచ్చారు. ఆ ఉద్యోగంతోపాటు పడవ, కోచ్, తిండి, స్నానాల గది అన్నీ వస్తాయి. పట్టుదల సంగతి తర్వాత. అయితే 2024లోనే పారిస్ పారాలింపిక్స్‌లో అనిత తెడ్డు వేసింది. కాలు పోగొట్టుకున్న స్త్రీ. ఆమెతో జోడీగా మన రాయలసీమ సైనికుడు కొంగనపల్లె నారాయణ, మందుపాతర పేలుడులో కాలు పోగొట్టుకున్నవాడు. అంతకుముందు 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో ఇద్దరూ వెండి పతకం తెచ్చారు. ఆ పోటీ నియమమే ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉండాలని. నియమం అలా ఉంది కాబట్టి పడవలో ఆమెకి చోటు తప్పనిసరైంది.

సానియా, సైనా తమ కథలు చెప్పుకున్నారు. అపర్ణ తోట 'పూర్ణ' రాశారు. పడవ పిల్లల పుస్తకం మాత్రం ఇంకా లేదు. దాన్ని వాళ్లే రాయాలని నియమం పెట్టుకుంటే చాలాకాలం ఆగాలి. స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీల దగ్గర కూర్చుని, అడిగి, విని, రాసింది. ఆ పద్ధతి మన చేతిలో ఉంది. ఏం అడగాలో నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: పొద్దున్నే ఇంట్లో నీళ్లెవరు పట్టేవాళ్లు? నెలసరి రోజుల్లో పడవెక్కేదానివా, మాన్పించేవాళ్లా? ఒంటికి అతుక్కునే ఆ బట్టలు చూసి మీ నాన్న ఏమన్నాడు? పందెం అయ్యాక ఎక్కడ బట్టలు మార్చుకున్నావు? నేను చదివిన కాలేజీలో పెద్ద ఆటస్థలం ఉండేది, ఆడపిల్లలకి బట్టలు మార్చుకునే గది ఉండేది కాదు. అక్కడ ఆడిన నా క్లాస్‌మేట్స్‌నీ ఈ ప్రశ్నలే అడగాలి.